తొమ్మిదో స్తంభం మీద గీత

ఆ దివాణంలో స్తంభాలు ఇరవై నాలుగు. ముందు వరండాలో ఎనిమిది, కచేరీ సావిట్లో నాలుగు, మండువా చుట్టూ పన్నెండు. అన్నీ బర్మా టేకు. ఇల్లు విప్పే ముందు వాటికి ఎర్ర రంగుతో అంకెలు వేసింది నేనే. పొడవు, చుట్టుకొలత, చెక్కడం, లోపాలు అని నాలుగు గడులు గీసి పుస్తకంలో ఎక్కించిందీ నేనే. ఇరవై మూడింటి గురించి రాసింది సరిగ్గానే ఉంది. తొమ్మిదో దాని దగ్గర తప్పు చేశాను. దాని లోపాల గడిలో ఇలా రాశాను: "కింది భాగంలో ఒక పక్క ఉలిగాటు, పసుపు మరకలు. చిత్రిక పడితే పోతాయి."

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. నిడదవోలులో బస్సెక్కి అరగంట ప్రయాణం చేసి, గోదావరి గట్టుకు కాస్త ఇవతల దిగితే, సరిహద్దు రాళ్ళు పాతిన ప్లాట్లు, వాటి మధ్య ఎర్ర కంకర పోసిన రోడ్లు కనిపిస్తాయి. ఒక మూల పాత నుయ్యి ఒకటి ఉంది. దివాణం తాలూకు కట్టుబడిలో నేల మీద మిగిలింది అదొక్కటే.

మాది రాజమహేంద్రవరం. చేపల వ్యాపారం మీద బతికే కుటుంబం. మా నాన్న అక్కను ఆ ఊరికిచ్చారు. దివాణం వెనక కాలవగట్టు మీద మావాళ్ళవి ఆరు ఇళ్ళు, అందులో ఒకటి మా అత్తది. సెలవుల్లో వెళ్ళినప్పుడు అత్త వెంట దివాణం పెరటి వాకిలి దాకా పోయేవాణ్ణి. ఆమె గంప దించి బొమ్మిడాయిలు లెక్కపెట్టి ఇచ్చేది. అక్కణ్ణించి వెనక్కి వచ్చేవాళ్ళం. ఇంటి ముందు భాగం ఎలా ఉంటుందో పాలిటెక్నిక్ పూర్తిచేసి, ప్లాన్లు గీసే చిన్న ఆఫీసులో చేరి, టేపు పట్టుకుని వెళ్ళేదాకా నేను చూడలేదు.

ఆ ఇంటికి వారసులు ఎనిమిది వాటాలవాళ్ళు. వాళ్ళలో ఒకాయన రాజమహేంద్రవరంలోనే కాలేజీలో పాఠాలు చెబుతారు. దివాణంలో చివరిదాకా ఉన్న పెద్దమ్మగారికి మనవడు. ఆమె పోయాక ఇల్లు చాలాకాలం తాళం వేసి ఉంది. మేడ పైకప్పు కురిసి, గోడల్లోకి నీళ్ళు దిగి, ఒక వానాకాలం వెనక గది గోడ కూలింది. బాగుచేయడం ఎనిమిది వాటాల్లో ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. ఆయన మా ఆఫీసుకు వచ్చి, ఇల్లు విప్పితే వచ్చే సామాను జాబితా కావాలన్నారు.

"ఎన్నాళ్ళు పడుతుందండి?" అని అడిగారు.

"నాలుగు రోజులు చాలండి. అమ్ముడయ్యేవాటి వరకే కదండి రాసేది."

ఆయన గొంతు తగ్గించారు. "అమ్ముడవనివి కూడా రాయండి. మా అన్నదమ్ములకి చెప్పకండి, నవ్వుతారు. ఇల్లు పోయాక ఆ పుస్తకమే కదండి మిగిలేది."

నాలుగు రోజుల పని తొమ్మిది రోజులైంది. ద్వారబంధాలు నలభై ఒకటి. కిటికీలు అరవై రెండు, వాటిలో రంగుటద్దాలు పగలకుండా ఉన్నవి ఏడు. ఇనుప దూలాలు ఆరు. ధాన్యం గాదెలు నాలుగు, మూడింటికి చెద. ఉయ్యాల గొలుసులు రెండు జతలు. పల్లకీ బొంగు ఒకటి, పల్లకీ లేదు. గోడలకు దిగేసిన లాంతరు కొక్కేలు పంతొమ్మిది. ఎత్తులన్నీ ఒకే ఆధారం నుంచి కొలవాలని మాకు మొదటి సంవత్సరమే నేర్పుతారు. పెరట్లో నూతి ఒర పైఅంచును ఆధారంగా పెట్టుకున్నాను. దానికంటే వరండా గచ్చు ఒక అడుగు మూడంగుళాలు ఎత్తు. సావిడి గచ్చూ అదే మట్టం. మండువా పల్లం ఐదంగుళాలు తక్కువ. ఎవరికి పనికొస్తుందో తెలియకుండానే ఇవన్నీ రాసి పెట్టుకున్నాను.

కొలుస్తుండగా ఆ ఇంటి కథ తెలుస్తూ వచ్చింది. చెప్పింది చాలావరకు విప్పకం మేస్త్రి. పాత ఇళ్ళు విప్పడమే ఆయన పని. అరవై దాటినవాడు, మెడలో తువ్వాలు, చెవి వెనక పెన్సిలు. ఇల్లు పడగొట్టడం మొదలుపెట్టేది ఎప్పుడని మొదటి రోజు అడిగితే ఆయనకు కోపం వచ్చింది.

"ఆ మాట అనకండి బాబూ. పడగొట్టేది యంత్రమండి, మేం విప్పుతామండి. కట్టినోడు ఆఖర్న పెట్టింది మేం మొదట తీస్తాం. ముందు పెంకు, తర్వాత వాసాలు, ఆ తర్వాత దూలాలు, స్తంభాలు. అన్నిటికంటే ఆఖరు గడప. ఆయ్, అలా తీస్తే ఒక్క చెక్క చీలదండి."

దూలాల చివర్లలో వేలు పట్టేంత బెజ్జాలు ఉండేవి. అవి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. టేకు కాకినాడ దాకా ఓడల్లో వచ్చిందట. అక్కణ్ణించి మోకులు గుచ్చి కాలవల్లో తేల్చుకుంటూ, లాకులు దాటించుకుంటూ, ఇంటి వెనక రేవు దాకా తెచ్చారట. సున్నం పెరట్లోనే గానుగలో ఆడించారు. ఎద్దు తిరిగిన గుండ్రటి గాడి గడ్డిలో ఇంకా కనిపించేది. దాని వ్యాసం పదహారు అడుగులు.

ఇంటికి చోటు ఎంచిన తీరు కూడా చెప్పాడు. మనవడిగారి ముత్తాత ఇల్లు కట్టబోయే ముందు ఒక వరద చూశాడట. నీళ్ళు ఊరంతా నిండాక పాములు ఏ దిబ్బకు చేరాయో చూసి, అక్కడ గుంజ పాతించి, నీళ్ళు తీశాక పునాది తవ్వించాడట. అది నిజమో కాదో కొలిచి తేల్చలేను. ఊళ్ళో ఎత్తైన చోటు మాత్రం అదే.

ఎస్టేటు నడిచిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ శిస్తు సావిట్లోనే కట్టేవారట. గోదావరిలో రెండు లంకలు కూడా వాళ్ళవే. లంకల నుంచి పొగాకు, కంద, గడ్డి పడవల మీద రావాలి కాబట్టి మా అత్తకు మామగారి తండ్రిని, ఇంకో ఐదు కుటుంబాలను పిలిచి కాలవగట్టు మీద జాగా ఇచ్చారు. చోటు చూపించారే గాని కాగితం రాయలేదు. తర్వాత ఎస్టేట్లు రద్దయ్యాయి. లంకలు పోయాయి. మిగిలిన పొలం వాటాలుగా విడిపోయింది. కొబ్బరితోట అమ్ముడైంది. పెద్దమ్మగారి చివరి ఏళ్ళలో అన్ని గదుల్లోనూ దీపం వెలిగేవి రెండే. అయినా చేపలు తెచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా ఆమె ఎన్నడూ పంపలేదని అత్త చెప్పేది.

విప్పకం నెలన్నర సాగింది. మనవడిగారు సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవారు. ఇంటివైపు కాకుండా కాలవవైపు తిరిగి కుర్చీ వేసుకునేవారు. ఏదైనా దించుతున్న చప్పుడైతే, "ఇప్పుడేమిటండి?" అని అడిగేవారు. "మేడ మెట్ల కటకటాలండి" అని నేను చెప్పేవాణ్ణి. ఆయన తలూపేవారు. చివరికి ఉయ్యాల గొలుసులు ఒక జత మాత్రం అడిగి తీసుకుని, స్కూటరు డిక్కీలో పెట్టుకుని వెళ్ళారు. ఇంకొక పని కూడా చేశారు. మిగతా ఏడు వాటాలవాళ్ళనూ ఒప్పించి, గట్టు మీది ఆరు కుటుంబాలకు లేఅవుటు దక్షిణం కొసన ఆరు ప్లాట్లు రిజిస్టరు చేయించారు. "మా ముత్తాత మాటిచ్చాడు, కాగితం ఇవ్వలేదు. కాగితం నేనిస్తున్నాను" అన్నారు. ఆ కొస పల్లం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇప్పించగలిగింది అదే.

గోడల పని యంత్రం రెండు రోజుల్లో ముగించింది. లేఅవుటువాళ్ళు నుయ్యి కూడా పూడ్చేయమన్నారు. మేస్త్రి కదల్లేదు. "నూతి జోలికి నేను రానండి. మా నాన్న రాలేదు, నా కొడుకూ రాడు. మీకు కావాలంటే ఇంకోణ్ణి చూసుకోండి" అన్నాడు. యంత్రం నడిపేవాడు కూడా, "నేనూ పూడ్చనండి, పిల్లలున్నోణ్ణి" అని దిగిపోయాడు. ప్లాట్ల ఇళ్ళకు నీళ్ళు పట్టుకోవడానికి పనికొస్తుందిలే అని చివరికి వదిలేశారు.

ఇల్లు విప్పిన రోజుల్లో మా అత్త ఊళ్ళో లేదు. యానాంలో కూతురి పురిటికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేసరికి గట్టు మీది పాకలు కూడా తీసేస్తున్నారు. కొత్త ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాలని నన్ను రమ్మంది. వెళ్ళేసరికి నూతి దగ్గర నిలబడి ఖాళీ జాగాను చూస్తోంది. చంకలో గంప ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"పోనీలేరా. ఉన్నదేగా పోయేది" అంది. "ఇంతకీ గీత ఎంతెత్తుంది?"

"ఏ గీత అత్తా?"

"ఏ గీతేంటి? సావిట్లో స్తంభం మీద గీత. అంగుళం అంగుళం కొలిచావంటగా, మా మేనల్లుడు ఇంజినీరని ఊరంతా చెప్పుకుని వస్తున్నాను."

నేను పుస్తకం తీసి తొమ్మిదో వరస చూశాను. పొడవు పది అడుగుల నాలుగంగుళాలు. చుట్టుకొలత మూడడుగులు. గాటు ఎత్తు రాయలేదు. అమ్మే సామాన్లో లోపం ఉందని రాస్తే చాలు, అది ఎంత ఎత్తులో ఉందో ఎవరికి కావాలి అనుకున్నాను. ఆమెకు చదివి వినిపించక తప్పలేదు.

"చిత్రిక పడితే పోతాయా?" అంది అత్త. "నీ చదువు కాలవలో కలవా! ఊరంతా బతికిన గుర్తురా అది. దాన్ని లోపమని రాశావా?"

నూతి గట్టు మీద కూర్చుని చెప్పింది. ఆమె కాపురానికి వచ్చిన నాలుగో నెలలో, శ్రావణంలో, గోదావరి గట్టుకు గండి పడింది. మధ్యాహ్నం అన్నాలు తింటున్నారు. కాలవ వెనక్కి పారడం మొదలెట్టింది. జనమంతా దివాణం వైపు పరిగెత్తారు. పెద్దమ్మగారు ముందు తలుపులు రెండూ బార్లా తీయించి గడప పక్కన నిలబడ్డారు. మావాళ్ళు ఆ గడప దాటడం అదే మొదటిసారి. మూడు రోజులు మేడ మీద ఉన్నారు. గాదెల్లో ధాన్యం దంచుకుని వండుకున్నారు. రెండో రోజు నీళ్ళు సావిట్లోకి వచ్చి, పెరిగి, పెరిగి, ఆగాయి. ఆగినచోట గుర్తు పెట్టమని పెద్దమ్మగారు మేడ మీది నుంచి కేకేస్తే, అత్త మామగారు పడవ పని ఉలితో, నీళ్ళలో నిలబడి, ఆ స్తంభానికి గీత కొట్టాడు.

"మా అత్తగారు మాత్రం రాలేదురా. వలలు తీసుకుని వెనకాలే వస్తానంది. ఇంటికి, దివాణానికి నడుమ ఎంత దూరం, నువ్వు కొలిచావుగా?"

కొలిచాను. నూట డెబ్బై అడుగులు.

అప్పటినుంచి ఏటా కాలవలోకి కొత్త వరద ఎర్రనీరు వచ్చిన రోజున ఆరిళ్ళ ఆడవాళ్ళూ దివాణానికి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో పెరటి వాకిలే. ఆ ఒక్కరోజు మాత్రం ముందు తలుపు. గీతకు పసుపు రాసి, బొట్టు పెట్టి, "ఇక్కడిదాకా వచ్చావు, ఇకమీద రాకు తల్లీ" అని దండం పెట్టుకునేవారు. పెద్దమ్మగారు అరటిపళ్ళు, పిడికెడు బియ్యం ఇచ్చి పంపేవారు. ఆమె పోయాక తాళం చెవి తెప్పించుకుని మరీ రాసి వచ్చేవారట.

"నా గడప ఆ గీతకి జానెడు పైన ఉండాలి. తక్కువైతే నేను ఆ ఇంట్లో పడుకోను, గట్టు మీద పాకే వేసుకుంటాను. జ్యేష్ఠం ఇంక పన్నెండు రోజులే. ఆషాఢంలో పునాది తియ్యకూడదు. ఎంతెత్తో చెప్పు."

లేఅవుటువాళ్ళు ఇచ్చిన నమూనా ప్లానులో రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు పెట్టమని ఉంది. మిగతా ఐదిళ్ళవాళ్ళు దాన్నే పట్టుకున్నారు. వరద నీళ్ళు సావిట్లో ఎంత లోతు వచ్చాయని వాళ్ళను అడిగి చూశాను. ఒకాయన మోకాలి దాకా అన్నాడు. ఇంకొకాయన మొల దాకా అన్నాడు. పీక దాకా అన్నవాడు కూడా ఉన్నాడు. ఆ రోజు ఎవరి వయసెంతో రాసుకుంటే తేడా అర్థమైంది. పీక దాకా అన్నాయనకు అప్పుడు నాలుగేళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి ఒంటితో వాళ్ళు కొలిచారు.

స్తంభాలు రాజమహేంద్రవరంలో ఒక కలప డిపోకు వెళ్ళాయి. మర్నాడు పొద్దున్నే అక్కడికి పోయాను. డిపో ఆయన చీటీలు తిరగేసి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా జంగారెడ్డిగూడెం వెళ్ళాయన్నాడు. ఎవరో పామాయిలు తోట రైతు తోటలో ఇల్లు కట్టుకుంటూ వరండాకు కొన్నాడట.

"చిత్రిక పట్టి ఇచ్చారాండి?" అని అడిగాను.

"పట్టకుండా ఎలా ఇస్తామండి? అద్దంలా చేసి పంపాం" అన్నాడు గర్వంగా.

బస్సులో జంగారెడ్డిగూడెం దాకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "చిత్రిక పడితే పోతాయి" అని రాసిన చేతిరాత నాదే. సలహా ఇచ్చిందీ నేనే.

తోటలో ఇల్లు పూర్తయిపోయింది. రైతు ఊళ్ళో లేడు, ఆయన భార్య ఉంది. వరండాలో నాలుగు స్తంభాలు నిగనిగలాడుతూ ఉన్నాయి. నేను వేసిన ఎర్ర అంకెలు లేవు. వచ్చిన పని చెప్పగానే ఆమె నవ్వింది.

"ఆ చివరిదాని దగ్గరికి రండి. దానికి ఇక్కడ మళ్ళీ చిత్రిక పడుతుంటే పసుపు వాసన వచ్చిందండి. ఎంత లోపలికి పోయినా పసుపే. వడ్రంగి ఇంకా తీస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఏళ్ళ తరబడి ఎవరో ఆడవాళ్ళు రాసిన పసుపు, తీసేస్తే మనకేం మంచిదండి?"

గాటులో లప్పం నింపారు గాని గీత తెలుస్తోంది. అడ్డంగా, జానెడు పొడవున, ఒక కొస కాస్త కిందికి జారి ఉంది. నీళ్ళలో నిలబడి కొట్టిన మనిషి చేతి వంపు అది. టేపు పెట్టి కింది నుంచి కొలిచాను. ఎనిమిదంగుళాలు. దివాణంలో స్తంభం కింద రాతి దిమ్మ ఎత్తు ఆరంగుళాలని పుస్తకంలో ఉంది. మొత్తం పద్నాలుగు. అక్కడి నుంచే అత్తకు ఫోన్ చేశాను.

"దొరికిందత్తా. సావిడి గచ్చు మీద పద్నాలుగంగుళాలు. రెండు జానలు కూడా లేదు."

"కాదు" అంది అత్త.

"కాదంటే? టేపు పెట్టి చూశాను."

"నీ టేపు సంగతి నాకు తెలీదు. మేం వంగి రాసేవాళ్ళం రా. నడుం వంచి, ఇలా, నిలబడే. ఎప్పుడూ గొంతుకూర్చోలేదు. పద్నాలుగంగుళాలైతే గొంతుకూర్చోవాలిగా. సరిగ్గా చూడు."

నేల నుంచి పద్నాలుగంగుళాలు చూసుకుని స్తంభం ముందు వంగాను. ఆమె చెప్పినట్టు నిలబడి వంగితే నా చెయ్యి అక్కడికి అందలేదు. అత్త నాకంటే పొట్టి, ఆమె చెయ్యి ఇంకాస్త కిందికి అందుతుంది. అయినా మడమలు ఎత్తకుండా, కూర్చోకుండా పసుపు రాయడం కుదరని ఎత్తు అది. పక్కనే ఉన్న ఆమెను అడిగాను.

"ఏమండీ, స్తంభాలు మీకు ఇంతే పొడవు వచ్చాయా?"

"లేదండి, కింద తడి పట్టినంత మేర కోయించాం. పది అంగుళాలో, పన్నెండో. పాత స్తంభానికి కాలు తీయకుండా ఎవరు నిలబెడతారండి?"

నిజమే. పాత కలప పనిలో అది మామూలు. తడి తగిలిన కాలు తీసేసి, గట్టి చెక్క మీద నిలబెడతారు. ఎంత కోశారన్నది ఎవరూ రాయరు. కోసిన ముక్కలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి.

వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నీళ్ళు తాగుతూ తల పైకెత్తితే స్తంభం పైకొన కనిపించింది. చెక్కడపు పని ఉన్న ఆ తలభాగాన్ని ఎవరూ కోయలేదు, కోస్తే అందం పోతుంది. పొడవు పది అడుగుల నాలుగంగుళాలని నా పుస్తకంలో ఉంది. కాలు పోయినా తల ఉంది కదా. పై నుంచి కొలవొచ్చు.

ఆమె బల్ల తెచ్చి ఇచ్చింది. ఆమె టేపు కొసను గీత దగ్గర పట్టుకుంటే, నేను పైన చదివాను. ఎనిమిది అడుగుల పది అంగుళాలు. రెండుసార్లు చూశాను. మొత్తం పొడవులోంచి అది తీసేస్తే ఒక అడుగు ఆరంగుళాలు. రాతి దిమ్మ కలిపితే గచ్చు నుంచి సరిగ్గా రెండడుగులు. మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను.

"ఆఁ, ఇప్పుడు వంగొచ్చు" అంది అత్త.

గచ్చు నూతి ఒర కంటే ఒక అడుగు మూడంగుళాలు ఎత్తు. గీత గచ్చు కంటే రెండడుగులు ఎత్తు. అంటే గీత నూతి ఒర కంటే మూడడుగుల మూడంగుళాలు ఎత్తు. ఇల్లు పోయినా నుయ్యి ఉంది. దాన్ని ముట్టుకోనని మేస్త్రి మొండికేయకపోతే ఈ కూడిక దేని మీద నిలబెట్టాలో నాకు తెలిసేది కాదు.

మేస్త్రే మర్నాడు లెవెల్ పైపు తెచ్చాడు. నీళ్ళు నింపిన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం అది. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి, ఎంత దూరంలో ఉన్న రెండు చోట్ల ఎత్తులనైనా పోల్చొచ్చు. ఒక కొస నూతి ఒర దగ్గర ఆయన పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకుని అత్త ప్లాటుకు నడిచాను. గొట్టం చాలక నడుమ మూడుచోట్ల మేకులు కొట్టి మట్టం మార్చుకున్నాం. ప్లాటులో ఒక వెదురు గెడ పాతి, నూతి ఒర మట్టం గుర్తు పెట్టాను. నేల నుంచి మూడడుగుల ఎనిమిదంగుళాలు. దాని మీద మూడడుగుల మూడంగుళాలు కొలిచి, ఎర్ర రంగుతో గీత గీశాను.

ఆరడుగుల పదకొండు అంగుళాలు. గీత నా తల కంటే పైన ఉంది.

మిగతా ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. రెండడుగుల ప్లాను చేతిలో పట్టుకున్నాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్త గెడ దగ్గరికి వెళ్ళి చెయ్యి పైకెత్తింది. వేళ్ళ కొసలు గీతకు తగిలీ తగలనట్టు ఆగాయి.

"ఇంత నీళ్ళలో వలలు తెస్తానందా, పిచ్చిది" అంది. అత్తగారి గురించి. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది. "దీని మీద జానెడు. ఎలా కడతావో కట్టు."

అంత ఎత్తు అరుగు మట్టితో పోసి నిలబెట్టడం కుదరదు. కాంక్రీటు స్తంభాలు లేపి, పైన స్లాబు వేసి, దాని మీద ఇల్లు కట్టాలి. అలా చేస్తే ప్లానులో ఉన్న రెండు గదులు రావు. ఒక గది, ముందు కాస్త జాగా. అంతే వస్తుందని గీసి చూపించాను. కూతురు పిల్లల్ని తీసుకుని వస్తే ఎక్కడ పడుకుంటారని కూడా అడిగాను.

"ఒక్క గదిలోనే పడుకుంటారు. తెల్లారి లేస్తారుగా, అది చాలు."

మిగతావాళ్ళు నెమ్మదిగా ప్లాను బయటికి తీశారు. ఇద్దరు మూడడుగులకు ఒప్పుకున్నారు, మిగిలిన ముగ్గురు రెండడుగులే అన్నారు. గదులు వదులుకోవడం వాళ్ళవల్ల కాలేదు. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ ఇళ్ళలో మనుషులు ఎక్కువ. జ్యేష్ఠం ఆఖరి ముహూర్తానికి అత్త ప్లాటులో గుంటలు తీశాం. స్తంభాలు లేస్తున్నకొద్దీ ఎగతాళీ లేచింది.

"ఏంటి పిన్నీ, మంచె వేస్తున్నావా? పిట్టల్ని తోలడానికా?" అన్నాడు ఎదురింటాయన.

"పిట్టల్నెందుకు తోలతానురా? నీళ్ళొస్తే నువ్వూ నీ పెళ్ళాం ఎగిరొచ్చి వాలేది ఇక్కడేగా. మెట్లు వెడల్పుగా పెట్టమన్నాను, నీ బియ్యం బస్తా పట్టేలా."

మెట్ల వెడల్పు నిజంగానే ఆమె పెంచింది. నేను మూడడుగులు గీస్తే నాలుగన్నర చేయించింది. దివాణం ముందు తలుపు రెండు రెక్కలూ తీస్తే ఉండే వెడల్పూ దాదాపు అంతే. పుస్తకంలో చూసుకున్నాను, నాలుగడుగుల ఏడంగుళాలు. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు, ఆమె నన్ను అడగలేదు.

పుస్తకాన్ని మనవడిగారికి అప్పగించే ముందు తొమ్మిదో వరసలో లోపాల గడి కొట్టేసి, గీత ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు, ఎంత ఎత్తు అన్నది పక్కన రాశాను. ఆయన ఆ పేజీ చదివి, తల ఎత్తకుండా అడిగారు. "మా నాయనమ్మ తలుపు పక్కనే నిలబడిందన్నారా? ఏ పక్క?"

అత్తకు ఫోన్ చేసి అడిగాను. కుడి పక్క, లోపలికి వస్తుంటే. అది కూడా రాశాను.

మరుసటి ఏడు కాలవలోకి ఎర్రనీరు వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. అత్త ఇంటి ముందు వరస కాంక్రీటు స్తంభం మీద, సిమెంటు గిలాబా పచ్చిగా ఉండగానే, గెడ మీది గీత ఎత్తులోనే ఉలితో గీత కొట్టి ఉంచాను. ఆరిళ్ళ ఆడవాళ్ళూ పసుపు గిన్నెలతో వచ్చారు. రెండడుగుల ఇళ్ళవాళ్ళూ వచ్చారు. గీత దగ్గర ఆగిపోయారు. వంగి రాసే అలవాటున్న వాళ్ళకు చెయ్యెత్తినా అందడం లేదు. ఒకామె వెళ్ళి చేపల ట్రే ఒకటి తెచ్చి బోర్లించింది. ముందు అత్త ఎక్కింది. ట్రే కదిలింది.

"చూస్తావేంట్రా ఇంజినీరూ, పట్టుకో! కింద పడ్డాక ఎన్ని అడుగులో కొలుస్తావా?"

రెండు చేతులతో ట్రే పట్టుకుని కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి, పసుపు రాసి, దిగారు.